మూడు అంతస్తుల తాళం

ఆ భవనంలో బకెట్టక్కని ఎరగనివాళ్ళు లేరు, ఆమె అసలు పేరు ఎరిగినవాళ్ళూ లేరు. తొమ్మిదేళ్ళుగా పొద్దున్నే ఏడింటికి బకెట్టూ తుడుపుకర్రా పట్టుకుని కింద మొదలుపెట్టి పైకి తుడుచుకుంటూ పోతుంది. కింద సెల్‌ఫోన్ల దుకాణం. మొదటి అంతస్తులో ఫోన్ కంపెనీ ఆఫీసు. రెండో అంతస్తులో ఆ ఫోన్లు తయారుచేసేవాళ్ళ మరమ్మతు కేంద్రం. మూడు చోట్లా ఎవరి చెత్తబుట్టలో ఏముంటుందో ఆమెకు కొట్టినపిండి.

ఆ సోమవారం మాత్రం బకెట్టు మెట్ల కింద వదిలేసి, ఫోను చేత్తో పట్టుకుని దుకాణంలోకి వెళ్ళింది.

ఇంట్లో ఆమెతో ఉండేది ఆడపడుచు, పోయిన భర్తకి అక్క. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. సణుక్కోకుండా ఒక పూట గడవదు, ఒకరు లేకుండా ఇంకొకరికి ముద్ద దిగదు. ఆడపడుచుకి రెండేళ్ళుగా కళ్ళు మసకబారి, ఇప్పుడు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు. కంటి ఆసుపత్రి పట్టీలో పేరు రాయించారు. ఎవరైనా దానం చేసిన కంటిపొర రాగానే ఫోన్ చేస్తారు. మూడుసార్లు చేసినా ఎత్తకపోతే కింది పేరుకి పోతారు. ఒకసారి అలాగే పోయింది. కొత్తగా మారిన వెనక గదిలో సిగ్నలు లేక ఫోను మోగనే లేదు. “ఇంకోసారి ఎత్తకపోతే పేరు పట్టీ అడుక్కి పోతుందమ్మా” అని ఆసుపత్రివాళ్ళు ముందే చెప్పారు.

ఆ మాట విని దుకాణంవాడే సలహా ఇచ్చాడు. “కంపెనీ మార్చేయక్కా. నంబరు అదే ఉంటుంది, మీ గదిలో సిగ్నలు దంచేస్తుంది.” మార్చింది. కొత్త సిమ్ము వేస్తే ఫోను ఒకటే మాట చూపించింది: ఈ సిమ్ము చెల్లదు.

“నేనిచ్చిన సిమ్ము బంగారం అక్కా” అన్నాడు దుకాణంవాడు, దాన్ని తన ఫోనులో వేసి మోగించి చూపిస్తూ. “తాళం నీ ఫోనుకుంది. పాత కంపెనీ సిమ్ము తప్ప ఇంకోటి వేస్తే పలకదు. మొదటి అంతస్తువాళ్ళని అడుగు.”

“నువ్వే కదా నాయనా మార్చమన్నావు?”

“మార్చమన్నాను. తాళం ఉందని నువ్వు చెప్పావా?”

“నా ఫోనుకి తాళం ఉందని నాకు తెలిస్తే కదా నీకు చెప్పడానికి!”

మొదటి అంతస్తు కౌంటరులోని అమ్మాయి బకెట్టక్కని చూస్తే నవ్వుతుంది, రోజూ టీ కప్పు కడిగిపెట్టేది ఆమె కాబట్టి. కంప్యూటరు చూసి అంది: “మా దగ్గర కొన్న ఫోనుకి వాయిదాలన్నీ ఎప్పుడో కట్టేశారు ఆంటీ. తాళం తీయించుకునే హక్కు మీకుంది.”

“తియ్యి మరి తల్లీ.”

“మా కస్టమర్లకైతే తీస్తాం. శుక్రవారం నుంచి మీరు మా కస్టమరు కాదు.”

“శుక్రవారం నుంచి నేను మీదాన్ని కానప్పుడు తాళం మాత్రం మీదెందుకు?”

అమ్మాయి నవ్వు సగంలో ఆగిపోయింది. “రూలు ఆంటీ. మళ్ళీ మా కంపెనీకి వచ్చేస్తే తీసేస్తాం.”

“వచ్చేస్తా. ఇప్పుడే రాసుకో.”

“ఒకసారి మారాక తొంభై రోజులదాకా కుదరదు. అయినా ఫోనులో తాళం పెట్టింది తయారుచేసినవాళ్ళు. పైన అడిగి చూడండి.”

పైన మరమ్మతువాడు కంటికి బిగించిన భూతద్దం తియ్యకుండానే విన్నాడు. “కంపెనీవాళ్ళు పెట్టమన్నారు, మేం పెట్టాం. తియ్యమంటే తీస్తాం. ఇల్లు కట్టిన మేస్త్రీని అద్దె తగాదాలోకి లాగితే ఎలాగక్కా?”

“బాగుంది. పెట్టమన్నది వాళ్ళు, పెట్టింది నువ్వు, మార్చమన్నది కిందివాడు. ఇంట్లోకి రానీకుండా బయట నిలబెట్టింది మాత్రం నన్ను.”

“నిజమేననుకో” అన్నాడతను, మళ్ళీ పనిలో పడి.

మూడు రోజులు అలాగే తిరిగింది. తుడుస్తూ అడిగేది, అడుగుతూ తుడిచేది. ఆ భవనంలో ఒక పద్ధతి ఉంది. ఏ అంతస్తు తుడిచినా ఆ అంతస్తువాళ్ళు కాగితం మీద సంతకం పెట్టాలి. మెట్లకి మాత్రం సంతకం లేదు, అవి ఎవరి అంతస్తూ కాదు కనుక. ఎవడో కాలు జారి పడతాడని ఆమే ఊరికే తుడుస్తుంది. మూడో రోజు సాయంత్రం ఆ మెట్ల మీదే కూలబడింది. ఈ తాళమూ మెట్ల బాపతే అనిపించింది. ఎవరి మీదా కోపం కూడా రాలేదు. కోపానికీ ఓపిక ఉండాలి.

ఇంటికెళ్ళేసరికి ఆడపడుచు గుమ్మంలోనే ఉంది.

“ఏమే, తీశారా?”

“లేదు వదినా.”

“ఎవరు వేశారట?”

“ఎవరూ వెయ్యలేదట.”

“దానంతటదే వేసుకుందా? బుద్ధిమంతురాలు ఫోను. నీకంటే నయం, గడియ పెట్టడం మర్చిపోలేదు.” మళ్ళీ తనే అంది. “పక్కింటివాళ్ళ ఫోనులో వేసుకోరాదూ?”

“ఎవరి ఫోను వాళ్ళ ప్రాణం వదినా, రోజంతా ఎవరిస్తారు? పాతదో గీతదో కొందామన్నా జీతానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆసుపత్రిలో ఇంకో నంబరు రాయించాలంటే పదిహేను రోజులట.”

“సరే” అంది ఆడపడుచు. “ఫోను రాకపోతే మనిషే వెళుతుంది. నన్ను తీసుకెళ్ళి ఆ ఫోన్లు చేసే నర్సు ముందు కూర్చోబెట్టు.”

“ఎన్నాళ్ళని కూర్చుంటావు?”

“ఇక్కడ మాత్రం నిలబడి ఏం చూస్తున్నాను గనక?”

మర్నాటి నుంచి అదే పని అయింది. ఆరింటికే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, నర్సు బల్ల ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టి, సీసాలో నీళ్ళు పెట్టి పనికి పరుగెత్తేది. మధ్యాహ్నం డబ్బా తెచ్చి తినిపించి మళ్ళీ పరుగు. సాయంత్రం ఇంటికి తీసుకుపోయేది. నర్సు మొదటిరోజు ఎందుకొచ్చారో వినకుండానే కసిరింది, రెండోరోజు ఊరుకుంది, మూడోరోజు ఫ్యాను ఆమెవైపు తిప్పింది.

అయిదో రోజు మధ్యాహ్నం అన్నం కలుపుతుండగా నర్సు ఎవరికో ఫోను చేస్తూ అంకెలు పైకి చదివింది. బకెట్టక్క చేతిలోని ముద్ద డబ్బాలో పడింది. అది తమ నంబరే.

“స్విచాఫ్” అంది నర్సు. మళ్ళీ చేసింది. మూడోసారి చేస్తుండగా బెంచీ మీంచి ఆడపడుచు గట్టిగా పలికింది.

“ఆఁ, చెప్పు తల్లీ, వింటున్నా.”

నర్సు తలెత్తింది. “మీకు కాదమ్మా.”

“నాకే. ఆ నంబరు నాది. ఫోనుకి తాళం పడింది, నోటికి పడలేదు.”

బకెట్టక్క లేచి ఆసుపత్రి చీటీ చూపించింది. నర్సు చీటీనీ పట్టీనీ మార్చి మార్చి చూసింది. “ఇక్కడ రెండే గళ్ళున్నాయి. ఫోను ఎత్తారు, ఎత్తలేదు. మీరు ఎత్తలేదు కదా. రేపు ఎవరైనా అడిగితే…”

“ఎదురుగా కూర్చున్నవాళ్ళకి గడి లేదా అమ్మా?” అంది బకెట్టక్క. ఇంకో అంతస్తు ఎక్కే ఓపిక ఆమెకు లేదు.

నర్సు కూడా రాత్రి డ్యూటీ నుంచి అలాగే కొనసాగుతున్నట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెన్ను గళ్ళ మీద ఒకసారి అటూ ఇటూ ఆడింది. తరవాత ‘ఎత్తారు’ దగ్గర గుర్తు పెట్టి, పక్కనే తన సంతకం గీకింది.

“అడిగితే నేనే రాశానని చెబుతాలెండి. లోపలికి తీసుకురండి, పొర ఎక్కువసేపు నిలవుండదు.”

బకెట్టక్క చేతికంటిన మెతుకులు కూడా తుడుచుకోకుండా ఆడపడుచుని పట్టి లేపింది.

“మెల్లిగా లాగవే” అంది ఆడపడుచు. “కన్ను వస్తోందని చెయ్యి పీకేస్తావా?”