మాలన్ పెట్టిన ఏడువందల ఇరవై

కొత్త ఫోను కొన్న మగవాడి పక్కన కూర్చోవడం ఎంత కష్టమో ఆ మధ్యాహ్నం మాలన్‌కు బాగా తెలిసొచ్చింది. కుస్తీ బరి గట్టున చేరినప్పటి నుంచి తమ్ముడు దత్తాజీ తన ఫోను గొప్పలు ఆపితే ఒట్టు. 4కేలో తీస్తే అవతలి గట్టు మీది జనం మీసాల్లో చెమటచుక్క కూడా కనిపిస్తుందట. మాలన్ తన పాత ఫోనులో వీడియో సైజును 720కి దించి, స్లోమోషన్ పెట్టడం చూసి పెదవి విరిచాడు.

"ఇదేంటక్కా, అంత తక్కువలో పెట్టావ్? పిల్ల మొహమన్నా కనపడొద్దా?"

"దాని మొహం నాకు తెలియందా? నాకు కావాల్సింది పట్టు. నీ ఫోను ఇప్పుడు సెకనుకి ముప్పై బొమ్మలు తీస్తుంది. నాది నూట ఇరవై. సైజు తగ్గించాను కాబట్టే అన్ని తీస్తుంది."

దత్తాజీ నవ్వాడు. నవ్వితే నవ్వనీ అనుకుంది మాలన్. కొల్హాపూర్‌లో కుస్తీ వ్యాయామశాల గుమ్మం ముందే ఆవిడ జొన్నరొట్టెల కొట్టు. దత్తాజీ కూతురు, తన మేనకోడలు కేతకి అక్కడ చేసే సాధనని మూడేళ్లుగా రోజూ వీడియో తీసి ఆమెకి చూపిస్తోంది. ఏ పట్టుకి ఏ సెట్టింగు పెట్టాలో ఒకరు చెబితే వినే స్థితిలో లేదు.

ఆ రోజు జిల్లా జట్టు ఎంపిక. కేతకి బరువు విభాగంలో ఉన్నది ఒక్కటే చోటు. రెండేళ్లు వరసగా ఆఖరి కుస్తీలోనే ఓడింది. ఈసారి కూడా ఆఖరి కుస్తీ దాకా వచ్చింది, ఎదుట సాంగ్లీ వైపు నుంచి ఈ జిల్లాకి వచ్చి చేరిన సాయలీ.

పసుపూ మజ్జిగా నిమ్మరసమూ కలిపి తవ్విన ఎర్రమట్టిని ఇద్దరూ ఒకరి మీద ఒకరు చల్లుకుని కలబడ్డారు. పది నిమిషాలు ఎవరూ లొంగలేదు. ఉన్నట్టుండి కేతకి సాయలీని భుజాల మీదికెత్తి వెనక్కి విసిరింది. ఇద్దరూ ఒక్కసారే మట్టిలో పడ్డారు. రెండు భుజాలూ ముందు ఎవరివి నేలకి ఆనితే వాళ్లు ఓడినట్టు.

తీర్పు చెప్పాల్సిన పంచ్ పెద్దాయన నోరు విప్పకముందే కేతకి వాళ్ల జనం బరిలోకి దూకారు. ఆమెను భుజాలకెత్తుకుని, గెలిచినవాళ్లకి చేసినట్టే వీపంతా మట్టీ గులాలూ పులిమేశారు. వీపుకి మట్టి అంటిన తీరు చూసి తీర్పు చెబుదామనుకున్న పంచ్‌కి ఇక చూడటానికేం మిగల్లేదు. నెత్తి కొట్టుకుని, ఎవరైనా వీడియో తీశారా అని అడిగాడు.

దత్తాజీ ఎగురుకుంటూ వెళ్లాడు. బొమ్మ అద్దంలా ఉంది, నిజమే. కాకపోతే ఒక బొమ్మలో ఇద్దరూ గాల్లో ఉన్నారు, తరవాతి బొమ్మలో ఇద్దరూ మట్టిలో ఉన్నారు. ఆ వేగానికి అంచులన్నీ అలుక్కుపోయాయి. ఇంకో వీడియో లేకపోతే ఎత్తి విసిరిన పిల్లదే గెలుపని పంచ్ తేల్చాడు.

అప్పటికే మాలన్ తన వీడియో చూసేసింది. తమ్ముడి రెండు బొమ్మల నడుమ ఆవిడ దగ్గర మూడు బొమ్మలున్నాయి. వాటిలో మధ్యదానిలో కేతకి భుజాలు రెండూ మట్టికి ఆని ఉన్నాయి. సాయలీ వీపు ఇంకా నాలుగు వేళ్ల ఎత్తున ఉంది.

ఆవిడ ఫోను సంగతి ఎవరికీ పట్టలేదు. ఒక్క వేలు నొక్కితే వీడియో మాయం. కానీ తను చూసింది చూడనట్టు నటించడం ఆవిడకి చేతకాదు, నేర్చుకునే వయసూ దాటిపోయింది. కేతకిని కిందికి దించమని అరిచి, ఫోను ఆమె చేతిలోనే పెట్టింది.

"కుస్తీ నీది. చూసి, ఏం చేస్తావో నువ్వే చెయ్యి."

కేతకి చూసింది. మళ్లీ చూసింది. తిన్నగా పంచ్ దగ్గరికి నడిచి ఫోను ఆయనకిచ్చి, సాయలీ చెయ్యి తనే పైకెత్తింది. దత్తాజీ అక్కని తిట్టని తిట్టు లేదు.

తిరుగు బస్సులో కేతకి అత్త ఒళ్లో తలపెట్టి, దాచుకోకుండా ఏడ్చింది. మాలన్ వద్దనలేదు, ఆవిడా ఏడ్చింది. పంచగంగ వంతెన దాటాక కేతకి కళ్లు తుడుచుకుని అత్త ఫోను తీసుకుంది.

"అత్తా, నడుం తిరగకముందే వెనక్కి పడిపోయాను. ఎప్పట్నుంచీ ఇలా చేస్తున్నాను?"

"ఏడాదిన్నర."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. అప్పుడు బయటి కుస్తీలన్నీ గెలుస్తున్నావు, వినలేదు."

కేతకి వీడియోని మొదటికి తెచ్చుకుని, తను ఓడిన కుస్తీని బొమ్మ బొమ్మగా చూడటం మొదలుపెట్టింది.