ఎర్ర బల్బు

సింకులో పాత తువ్వాలు పరిచి, దాని మీద గిన్నెలు తోముతోంది ఆమె. కుళాయి దారమంత సన్నగా తిప్పుకుంది. పడగ్గది గుమ్మం మీద ఎర్ర బల్బు వెలుగుతున్నంతసేపూ ఇంట్లో చప్పుడు కాకూడదు. కుక్కర్ కూత వెయ్యకూడదు, చంటిది ఏడవకూడదు. అత్తగారు మాత్రం దగ్గవచ్చు, పెద్దావిడ కదా. లోపల గోడలకు పరుపులు నిలబెట్టి మొగుడూ అతని బ్యాండూ రెండో ఆల్బమ్ రికార్డు చేస్తున్నారు. సైకడెలిక్ రాక్, మత్తులో తేలుతున్నట్టుండే సంగీతం. వాళ్ల వెనక ఏ మ్యూజిక్ కంపెనీ లేదు, ఉన్నదల్లా ఆమె వంటిల్లే.

మొదటి ఆల్బమ్‌లో పాటలన్నీ ఆమే పాడింది. విన్నవాళ్లు ఆ బ్యాండును ఇప్పటికీ ఆమె గొంతుతోనే గుర్తుపడతారు. తర్వాత పాప పుట్టింది. "ఈసారి ఇంట్లోనే చేద్దాం. నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా, నీకూ వీలు" అన్నాడు మొగుడు. పిచ్చిది, మురిసిపోయింది. రోజూ పాపను నిద్రపుచ్చి, తల దువ్వుకుని ఆ తలుపు దగ్గరికి వెళ్లేది. "ఇవాళ డ్రమ్స్." "ఇవాళ బేస్." "కాస్త టీ పెట్టు." అత్తగారైతే, "పాలిచ్చే తల్లికి మైకెందుకమ్మా, వాడు పాడుతున్నాడుగా" అనేది. ఆ పాటలు కోడలు కడుపుతో ఉండగా రాసుకున్నవని ఆవిడకు తెలీదు. తెలిసినవాడు నోరు విప్పడు. ఇవాళ ఆఖరి రోజు. ఇవాళ పిలవకపోతే ఇక ఎప్పటికీ పిలవరు.

బల్బు ఆరింది. డ్రమ్స్ వాయించే కుర్రాడు టీ కోసం వచ్చి, "వదినా, మీ బిట్ అదిరిపోయింది!" అంటూ తన ఇయర్‌ఫోన్లు ఆమె చెవుల్లో పెట్టాడు. ఏదో మూలుగు, నూతిలోంచి వస్తున్నట్టుంది. కాసేపటికి గానీ పోల్చుకోలేకపోయింది. పాపకు తను పాడే జోలపాట. ఎప్పుడు రికార్డు చేశారో తెలీదు. వెనకనుంచి ముందుకు తిరగేసి, ప్రతిధ్వనిలో ముంచేశారు. మాట ఒక్కటీ మిగల్లేదు.

"ఇది నేనేనా?"

"నువ్వే. తిరగేస్తే ఎవరికీ తెలీదు, అదే దాని అందం" అన్నాడు మొగుడు గుమ్మంలోంచి. "నీ గొంతు వాడాం కదా, ఇంక మొహం అలా పెట్టకు. చివరి పాట మొదలెడుతున్నాం, చప్పుడు చెయ్యకు."

తలుపు మూసుకుంది. బల్బు వెలిగింది. గిటార్ అందుకున్నది ఆమె రాసుకున్న పాటే. ఏడుపు రాలేదు ఆమెకు, భయం వేసింది. రేపు పాప పెద్దదై, అమ్మ గొంతు ఏదని అడిగితే ఆ మూలుగు వినిపించాలా? సింకులోని తువ్వాలు లాగి అవతల పారేసింది. గిన్నెలు గణగణమన్నాయి. నోరు తెరిచింది. గొంతు జీరపోయింది, శ్రుతి తప్పింది. అయినా పాడింది, మాట మాటా వినబడేలా. పాప లేచి ఏడుపు లంకించుకుంది. అత్తగారు దగ్గడం మానేసింది.

లోపల గిటార్ ఆగింది. తలుపు విసురుగా తెరుచుకుంది.

"ఎర్ర లైటు కనబడట్లేదా నీకు?"

"కనబడుతోంది" అని, ఆమె రెండో చరణం అందుకుంది.