సూరీడి ఊపిరితిత్తిలో మచ్చ

నేను ఒక ఎక్స్‌రే యంత్రాన్ని. పుట్టింది ఫ్యాక్టరీలో అయినా బుద్ధి తెలిసింది మాత్రం తెనాలిలో, ఒక నర్సింగ్‌హోమ్‌లో. ఊపిరి బిగబట్టమనగానే దగ్గే పెద్దమనుషుల్ని అక్కడ చాలామందిని భరించాను. సెలవు కోసం లేని నడుంనొప్పి తెచ్చుకున్నవాళ్లనూ చూశాను. కొత్త యంత్రం రాగానే నేను వాళ్లకు అడ్డమైపోయాను. పశువుల డాక్టరు సుభాషిణిగారు నన్ను కొనుక్కున్నారు. కుక్కల దగ్గరికా అని చిన్నబుచ్చుకున్నాను గానీ, తీరా వెళ్లాక వాటిమీద గౌరవం పెరిగింది. అవి లేని నొప్పి నటించవు.

ఒకరోజు సూరీడు కుంటుకుంటూ వచ్చాడు. ఒళ్లంతా పసుపుపచ్చ బొచ్చున్న కుక్క. పెసరట్ల బండి నడిపే నాగరత్నానికి వాడే లోకం. బెణికిందని బజారంతా వైద్యం చెబితే పాపం ఉప్పు కాపడం పెట్టింది. నేను తీసిన బొమ్మలో వాడి ముందుకాలి ఎముక చెదపట్టిన కర్రలా ఉంది. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరని తేలింది.

"ఇది ఎక్కువగా ఊపిరితిత్తులకే పాకుతుందమ్మా. అక్కడ ఏమీ లేకపోతే కాలు తీసేసి మందులిద్దాం. పాకి ఉంటే కాలు తీసి వాణ్ని బాధపెట్టడం దండగ," అన్నారు డాక్టరుగారు.

మెడ బెల్టు విప్పి సూరీణ్ణి నా కింద పడుకోబెట్టారు. గాలి నిండిన ఊపిరితిత్తి నాకు నల్లగా కనబడాలి. ఆ నలుపులో కోలగా ఒక తెల్లని మచ్చ కనబడింది. డాక్టరుగారు దాన్నే చాలాసేపు చూసి, "పాకినట్టే ఉంది, నాగరత్నమ్మా," అన్నారు. నేను ఉన్నది ఉన్నట్టు చూపడం తప్ప ఏం చేయగలను? నా పనిమీద నాకే అసహ్యం వేసింది.

నాగరత్నం ఏడుస్తూ వాణ్ని కావలించుకుంది. అంతలోనే ఆమె చెయ్యి ఛాతీ దగ్గర బొచ్చులో ఆగిపోయింది.

"మెళ్లో పసుపుకొమ్ము కట్టానండి. మొక్కు తీరేదాకా తియ్యకూడదని... మీరు బెల్టు తీసేటప్పుడు దాన్ని బొచ్చులోకి తోసేశానండి."

డాక్టరుగారు బొచ్చు తప్పించి ఆ కొమ్మును చూశారు.

"తియ్యండి. దేవుడికి నేను చెప్పుకుంటాను."

మళ్లీ తీశాను. అటు తిప్పి, ఇటు తిప్పి, వెల్లకిలా వేసి కూడా తీశాను. మచ్చ లేదు. ఊపిరితిత్తులు రెండూ నల్లగా, హాయిగా ఉన్నాయి. నలుపును చూసి అంతగా మురిసిపోవడం నాకదే మొదలు.

మొన్న సూరీడు మూడు కాళ్లమీద గెంతుకుంటూ వచ్చి, ఎవరూ చెప్పకుండానే బల్ల పక్కన నిలబడ్డాడు. ఛాతీ శుభ్రంగానే ఉంది. "ఇప్పటికి భయం లేదు. మళ్లీ చూస్తూ ఉండాలి," అన్నారు డాక్టరుగారు. నాగరత్నం కొంగుముడి విప్పి ఆ పసుపుకొమ్ము తీసి నా పిడికి కట్టబోయింది.

"కాస్త వెనక్కి కట్టండమ్మా, బొమ్మలో పడకుండా," అన్నారు డాక్టరుగారు.

అన్నేళ్లు మనుషుల ఆస్పత్రిలో పనిచేశాను. నాకు మొక్కు చెల్లించింది మాత్రం ఈమె ఒక్కతే.