అక్క గుమ్మానికి చుట్టుదారి

నేను ఒక అంబాసిడర్ కారుని. తెల్లదాన్ని అని చెప్పుకోవాలని ఉంది గానీ, ఆ తెలుపు ఎప్పుడో పోయింది. ప్రస్తుతం కాకినాడలో ఒక పాత ఇనుము కొట్టు వెనకాల, చక్రాలు ఊడదీయించుకుని, సిమెంటు దిమ్మల మీద కూలబడి ఉన్నాను. నా వెనక సీట్లో ఒక కోడి గుడ్లు పెడుతోంది. పెట్టుకోనివ్వండి పాపం. ఆ సీట్లో కూర్చున్న పెద్దమనుషుల్లో చాలామంది ఆపాటి ఉపకారం కూడా చేసి ఎరగరు.

నా పుట్టుక సంగతి అడక్కండి. ఎక్కడో దూరాన, భాష తెలియని ఊళ్ళో, పెద్ద షెడ్డులో సుత్తి దెబ్బలు తిన్నట్టు లీలగా గుర్తు. మీ పుట్టుక మీకు మాత్రం గుర్తుందా ఏమిటి? మొదట ఒక చక్కెర ఫ్యాక్టరీలో పెద్ద ఆఫీసరు దగ్గర పనిచేశాను. తుపాను వచ్చి తోటలు పడిపోతే చూడ్డానికి వెళ్ళేవాడు. అద్దం దించకుండానే "అయ్యో" అనేవాడు, దారిలో గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. ఆయన రిటైరయ్యాక నన్ను ఒక ట్రావెల్సు వాడు కొన్నాడు. ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళు మోశానో ఆ దేవుడికే తెలియాలి. ఒళ్ళంతా బంతిపూలు, అద్దాలకి జిగురు, లోపల అత్తరు వాసన. ఒక్కటి మాత్రం గమనించాను. భోజనాల దగ్గర ఎవరూ అలగకుండా జరిగిన పెళ్ళికి నేను వెళ్ళలేదు. మనుషులు ఆస్తి పంపకాలు మర్చిపోతారు గానీ విస్తట్లో పడని కూరని మర్చిపోరు.

చివరికి లోవరాజు చేతికి వచ్చాను. కాకినాడలో టిఫిను హోటలు అతనిది. మంచి నాలుక ఉన్న మనిషి. ఎక్కడో ఒక పాకలో పీతల ఇగురు బావుందని ఎవరైనా అంటే చాలు, మర్నాడే నన్ను బయటికి తీయించేవాడు. డ్రైవరు అబ్బులు నడిపేవాడు, అతను ముందు సీట్లో కూర్చుని దారి చెప్పేవాడు, నేను రొప్పుకుంటూ పోయేదాన్ని. తిన్నది అతను, అరగదీసింది నేను.

లోవరాజుకి అమ్మ చిన్నప్పుడే పోతే అక్క నూకరత్నం పెంచింది. ఆవిణ్ణి ఉప్పాడ అవతల కొత్తతిప్ప అనే సముద్రపు ఊళ్ళో ఇచ్చారు. వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షనుకి మేనమామ హోదాలో లోవరాజు పట్టుబట్టలు, పళ్ళూ, పసుపూ కుంకుమా నా డిక్కీ నిండా వేసుకుని వెళ్ళాడు. మేనమామ మొదటి బంతిలో కూర్చోవాలి. అది వాళ్ళ మర్యాద. కానీ ఆ పూట దూరపు చుట్టాలు ముందే వచ్చి విస్తళ్ళ ముందు కూర్చునేసరికి, నూకరత్నం హడావిడిలో "మావాడే కదా, రెండో బంతిలో కూచుంటాళ్ళే" అనేసింది. రెండో బంతికి సగం గిన్నెలు అడుగంటాయి. లోవరాజు విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చింది. "నీ గుమ్మంలో మళ్ళీ చెయ్యి కడిగితే ఒట్టు" అని నా తలుపు ఎంత గట్టిగా వేశాడంటే, ఆ తలుపు తర్వాత ఎప్పుడూ సరిగ్గా పడలేదు. సొంతవాడని ఆవిడ వెనక్కి నెట్టింది, సొంతవాణ్ణని ఇతను అలిగాడు. ఇద్దరిదీ ప్రేమేనట! నాకైతే అర్థం కాలేదు.

ఏళ్ళు గడిచాయి. పండగలకీ పబ్బాలకీ రాకపోకల్లేవు. ఈలోగా సముద్రం కొత్తతిప్పని కొరుక్కుంటూ వచ్చింది. నూకరత్నం ఇంటి ముందు వరసంతా నీళ్ళలోకి పోయింది. ఆ వేసవిలో వాళ్ళ వంటింటి గోడ కూడా కూలింది. ఇంక లాభం లేదని వాళ్ళాయన సామర్లకోటలో ఇల్లు చూశాడు. సామాను లారీ బయల్దేరేది ఒక ఆదివారం పొద్దున.

ముందురోజు సాయంత్రం లోవరాజు భార్య సత్యవేణి నా పక్కనే నిలబడి రహస్యంగా ఫోనులో మాట్లాడింది. "వదినా, రేపు మధ్యాహ్నం భోజనానికి ఆయన్ని తీసుకొస్తాను. నేను చెప్పానని అనకండేం." అవతల నూకరత్నం ఏడ్చినట్టుంది. సామాను వాళ్ళాయనతో పంపేసి తను ఉండిపోతానని, ఆ ఇంట్లో ఆఖరి వంట తమ్ముడికే వండుతానని చెప్పింది. ఆ ఒక్క పూటా దాటితే అక్క గుమ్మం అనేదే ఉండదు. సత్యవేణి ఫోను కొంగుతో తుడిచి లోపలికి వెళ్ళింది.

లోవరాజు మాత్రం ఏమీ ఎరగనట్టు మర్నాడు పొద్దున్నే సత్యవేణితో "ఊరికే అలా తిరిగొద్దాం పద. రుచిగా ఏదైనా తిని చాన్నాళ్ళయింది" అన్నాడు. లారీ సంగతి అతనికీ తెలుసు. అతని గుండెలో ఏముందో నాకూ తెలుసు, సీటు చెబుతుంది కదా. స్థిమితంగా కూర్చున్నవాడి బరువు వేరు. ఆ రోజు అతను అటూ ఇటూ కదులుతూనే ఉన్నాడు.

కాకినాడ నుంచి కొత్తతిప్పకి సముద్రపు రోడ్డెక్కితే గంట కూడా పట్టదు. "ఉప్పాడ రోడ్డేనాండి?" అన్నాడు అబ్బులు.

"ఎందుకూ? పిఠాపురం మీంచి పోనీ. అక్కడ పెసరట్టు బావుంటుంది" అన్నాడు లోవరాజు.

పిఠాపురంలో పెసరట్టు, దాంట్లో ఉప్మా, పైన నెయ్యి. "నువ్వూ తినవే" అంటే సత్యవేణి "నాకొద్దండి, వదినగారింట్లో..." అనబోయి, నాలిక్కరుచుకుని "కడుపులో బావోలేదు" అంది. అక్కణ్ణుంచి అన్నవరం. "ఇంతదూరం వచ్చి స్వామి ప్రసాదం తినకపోతే పాపం" అని విస్తరాకు పొట్లం విప్పి ఒక్కడే ఖాళీ చేసేశాడు, ఇంకోటి విప్పాడు. ఆ ఎండలో కొండెక్కి దిగేసరికి నా రేడియేటరు సలసల కాగింది. అబ్బులు నీళ్ళు పోస్తూ నా వంక జాలిగా చూశాడు. నా ఒళ్ళు హూనమైపోయిందని అతనొక్కడికే తెలుసు.

తర్వాత తొండంగి వైపు మలుపు. జీడిమామిడి తోటల్లో ఆగి పళ్ళు పీల్చాడు, చొక్కా మీద కారిపోయింది. ఇంకో మైలు వెళ్ళగానే ముంజలు. సత్యవేణి ఒళ్ళో ఫోను మోగుతోంది, ఆవిడ నొక్కేస్తోంది. పొద్దు నడినెత్తికొచ్చి, అటువైపు వాలిపోయింది. ఒక్కో ఊరు దాటుతున్నకొద్దీ లోవరాజు "ఆపు ఆపు" అనడం ఎక్కువైంది.

సముద్రం ఒడ్డున తాటితోపు ఒకటుంది. ఇసకలోంచి లేచిన చెట్లు, మొవ్వుల్లో కట్టిన కల్లు లొట్టిలు, గాలి నిండా పులిసిన వాసన. ఆ ప్రాంతపు కల్లు అంటే తాగేవాళ్ళు దూరాభారం చూడరు. గీసేవాడు బుల్లియ్య లొట్టి దింపి తాటాకు దొన్నెలో పోశాడు. లోవరాజు నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, నాలుక అంగిలికి తగిలించి చప్పరించాడు.

"ఇది పోతుతాటి కల్లు కదూ?"

"ఆయ్. బలే పట్టేశారండి! ఆ సెట్టుకి సముద్రం గాలి సూటిగా తగులుద్దండి. సివర్లో రవ్వంత ఉప్పగా ఉంటాది సూడండి."

"ఇంకో దొన్నె పొయ్యి. ఆ నెత్తళ్ళ చేపల వేపుడు కూడా ఇలా పట్రా."

అప్పుడు సత్యవేణి నా తలుపు తీసుకుని దిగింది. ఆవిడ పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. "ఏవండీ, మీరు తింటోంది ఆకలికా, భయానికా?" అంది.

లోవరాజు దొన్నె కింద పెట్టాడు. "ఏం భయం? ఎవరంటే భయం?"

"వదినగారంటే. పొద్దున్నించీ ఆవిడ ఇంటి చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాం. నేను ఫోను చేసి చెప్పాను. మధ్యాహ్నానికి వస్తామన్నాను. అక్కడ ఆవిడ వండుకుని గుమ్మంలో కూచుంది. ఇంక మీ ఇష్టం."

వెంటనే లేస్తాడనుకున్నాను. లేవలేదు. మనుషుల తీరే అంత. తప్పించుకోవడానికి దారి లేదని తేలాక కూడా కాసేపు దారి వెతుకుతారు. "వస్తాన్లే, చెయ్యి కడుక్కోనీ" అని, కడుక్కునే ముందు మిగిలిన నెత్తళ్ళన్నీ నోట్లో కుక్కుకున్నాడు. నమిలాడో మింగాడో తెలియదు. కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి, కారం వల్ల అన్నాడు.

కొత్తతిప్ప చేరేసరికి పొద్దు గూకుతోంది. ఊరనడానికి అక్కడేమీ లేదు. సగం గోడలు, ఒంగిపోయిన కరెంటు స్తంభం, ఒడ్డుకి అడ్డంగా పోసిన బండరాళ్ళు. నూకరత్నం ఇంటికి సముద్రం వైపు గోడ లేదు కాబట్టి వంటిల్లంతా రోడ్డు మీదున్న నాకు కనిపిస్తోంది. అల్మారాలు ఖాళీ. మేకులకి ఏమీ వేలాడ్డం లేదు. నేల మీద ఒక చాప, దాని ముందు అరటాకు, మూతలు పెట్టిన గిన్నెలు. చాప పక్కన నూకరత్నం గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

లోవరాజు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఆవిడ తిడుతుందని సత్యవేణి అనుకుంది, నేనూ అనుకున్నాను.

"వచ్చావా లోవా? దా, కూచో. చల్లారిపోయింది" అంది ఆవిడ. "పొయ్యి ఆర్పి పసుపునీళ్ళు చల్లేశాను. ఇల్లు వదిలేటప్పుడు ఆఖరి వంటయ్యాక మళ్ళీ వెలిగించకూడదని మా అత్తగారు చెప్పేది. చల్లటిదే తినాలి, ఏమనుకోకేం."

అతను చాప మీద కూర్చున్నాడు. ఆవిడ చేతిమీద నీళ్ళు పోసింది. అన్నం, పప్పు, చింతచిగురు వేసిన రొయ్యలు, మామిడికాయ పచ్చడి వడ్డించింది. లోవరాజు అన్నంలో కూర కలిపాడు. ముద్ద చేశాడు. నోటి దాకా ఎత్తాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మళ్ళీ ప్రయత్నించాడు. గొంతు దాకా నిండి ఉన్న మనిషి ఎలా తింటాడు? ముద్ద ఆకులో పడిపోయింది. నూకరత్నం మొహం చూడలేకపోయాను. కానీ నా హెడ్‌లైట్లు ఎటూ తిప్పుకోలేను కదా, అందుకని చూడక తప్పలేదు.

"ఇంకా ఆ ఒట్టు నీకు పోలేదంట్రా?" అంది ఆవిడ.

"అది కాదక్కా. నా పొట్టలో చోటు లేదు."

"ఏంటీ?"

"పొద్దున్నించీ తింటూనే ఉన్నాను. పెసరట్టు తిన్నాను, ప్రసాదం తిన్నాను, జీడిపళ్ళు, ముంజలు, కల్లు తాగాను, నెత్తళ్ళు తిన్నాను..." తప్పు చేసిన పిల్లాడిలా ఒక్కోటీ చెప్పాడు. "నీ మొహం చూడ్డానికి భయమేసింది. పొమ్మంటావేమోనని. ఎక్కడో ఓ చోట ఆగాలనిపించింది, ఆగినచోటల్లా తిన్నాను."

"సచ్చినోడా!" అంది నూకరత్నం. "పొమ్మనేదాన్ని పొద్దున్నించీ పస్తుంటానంట్రా?"

లోవరాజు తలెత్తాడు. "నువ్వు తినలేదా?"

"నువ్వు తినకుండా నేనెప్పుడు తిన్నాను?"

అతను రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఏడ్చేశాడు. అంత పెద్ద శరీరం అలా కదిలిపోతుంటే సత్యవేణి దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయింది. నాకు వయసు మీద పడింది, ఇలాంటివి చూస్తే ఓపిక పోతుంది. అయినా ఆ పూట చిరాకు పడాలనిపించలేదు.

నూకరత్నం చాప మీదికి జరిగింది. అరటాకుని తనవైపు లాక్కుంది. "నేను పెడితే నువ్వు తినలేవు. సరే, నువ్వు పెట్టు, నేను తింటాను" అంది.

"ఎంగిలక్కా. నేను కలిపింది."

"నీ ఎంగిలి నాకు కొత్తా? పెట్టు."

లోవరాజు చొక్కా చేతికి కళ్ళు తుడుచుకుని ముద్ద కలిపాడు. హోటలు నడిపే మనిషి, వేలమందికి వడ్డించినవాడు, ముద్ద చెయ్యడం రానట్టు తడబడ్డాడు. ఆవిడ నోరు తెరిచింది. అతను పెట్టాడు. ఆవిడ కళ్ళు మూసుకుని నమిలింది. రెండో ముద్ద పెట్టాడు. "రొయ్యని పప్పులో ముంచకు, అడివి మనిషిలా" అని కసిరింది. సత్యవేణి కూడా వచ్చి చాప చివర కూర్చుంది. ఆవిడకీ ఇంకో ఆకు వేసి నూకరత్నమే వడ్డించింది.

ఇంతలో సముద్రం పోటు మీదికి వచ్చింది. కెరటం బండల మీదినుంచి దూకి రోడ్డు మీదకి పాకింది. నా వెనక చక్రాల కింద ఇసక జారుతున్నట్టు తెలుస్తోంది. అబ్బులు గాభరాపడి ఇంజను వేశాడు. "అయ్యగారూ, నీళ్ళు సెక్రాల కిందకొచ్చేత్తన్నాయండి! బేగి రండి!" అని అరిచాడు.

లోవరాజు ముద్ద పట్టుకున్న చేత్తోనే లేవబోయాడు. "అక్కా, పోటొస్తోంది. లే, పోదాం. దారిలో ఎక్కడైనా వేడివేడిగా పెట్టిస్తాను."

నూకరత్నం అతని మణికట్టు పట్టుకుని కిందకి లాగింది.

"కూచోరా. నా ఆకలి ఇంకా తీరలేదు."

లోవరాజు కూర్చున్నాడు. ఆకులో మిగిలిన అన్నంలోకి మళ్ళీ కూర వేసి కలపడం మొదలుపెట్టాడు. అబ్బులు కాసేపు అటు చూశాడు. తర్వాత తాళం తిప్పి నా ఇంజను ఆపేశాడు.