పన్నెండు మీటర్ల స్తంభాలు

నలభై మూడో పలకకు నూనె రాసేసరికి మేస్త్రి కుడి మోకాలు మొరాయించింది. బ్రష్‌ను డబ్బాలో పడేసి, నడుం పట్టుకుని మెల్లగా లేచాడు. స్తంభానికి అచ్చుగా బిగించే సెంట్రింగ్ పలకకు నూనె సరిగ్గా పట్టకపోతే కాంక్రీటు దాన్ని వదలదు. బలవంతాన ఊడబెరికితే స్తంభం మూల చిట్లుతుంది. ఈ పని ఎవరికి చెప్పినా చేస్తారు, కానీ ఎవరు చేసినా అతనికి నచ్చదు. ముప్ఫై ఏళ్లుగా, నాలుగు దేశాల్లో, తెల్లవారగానే ఆ చేతులు ముందు నూనెలో మునిగి ఆ తర్వాతే టీ గ్లాసు పట్టుకున్నాయి. గోళ్ల చుట్టూ పట్టిన నలుపు ఏ సబ్బుకూ లొంగలేదు. ఫొటో దిగాల్సి వస్తే చేతులు వెనక్కి పెట్టుకుంటాడు.

మనిషి పొట్టి. భుజాలు ముందుకు వంగి ఉంటాయి. ఎడమ చూపుడు వేలికి పై కణుపు లేదు, రంపం తీసుకుపోయింది. మాట తక్కువ. పైవాళ్లు ఏ పని అడిగినా “అవుతుంది సార్” అనడం తప్ప ఇంకో జవాబు ఎరగడు. అందుకే ముఠాలో అందరూ చాటుగా అతన్ని ‘అవుతుంది మేస్త్రి’ అంటారు. ఆ సంగతి అతనికీ తెలుసు.

ముఠాలో అతనితో కలిపి నలభై మంది వడ్రంగులు. పక్కనున్న గోదాము పని నెల కిందటే ముగిసింది. ఇప్పుడు కంపెనీ చేతికి గాజు సీసాల కర్మాగారం వచ్చింది. రేకుల కంచె అవతల ఖాళీ నేల మీద సున్నంతో గీతలైతే గీశారు గానీ, స్తంభాలు ఏ పద్ధతిలో నిలబెట్టాలో ఇంకా తేలలేదు. అది తేలేదాకా ముఠాకు పలకలు గీకడం, వంగిన మేకులు సాపు చేయడం, అదే పని.

బావమరిది టీ తెచ్చి పలకల దొంతి మీద పెట్టాడు. పదకొండేళ్లుగా బావ వెంటే తిరుగుతున్నాడు.

“ఇవాళేగా బావా తేల్చేది? నిన్నూ పిలుస్తారట. ఏమడిగినా నీ మాటే చెప్పెయ్. నీకు ఇంకోటి రాదుగా!” అని నవ్వాడు.

మేస్త్రి నవ్వలేదు. టీ ఊదుకుంటూ సున్నం గీతల వైపు చూశాడు.

పది గంటలకు పిలుపు వచ్చింది. ఆఫీసంటే ఒక ఇనుప గది. ఏసీ నుంచి కారే నీళ్ల కింద రంగు డబ్బా పెట్టారు. బల్ల మీద నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి ప్లాను పరిచారు. బల్లకు ఒకవైపు మేనేజరు, రెండో వైపు నెల కిందట వచ్చిన ఇంజనీరమ్మ. ఆమె కుర్చీ జరిపి కూర్చోమంది. బట్టల నూనె అంటుతుందని మేస్త్రి అంచు మీద కూర్చున్నాడు.

“మూడు దారులున్నాయండీ,” అంది ఇంజనీరమ్మ. “మన పద్ధతిలో ఇక్కడే పలకలు బిగించి కాంక్రీటు పోయడం ఒకటి. వేరేచోట పోసిన స్తంభాల్ని తెచ్చి నిలబెట్టడం ఇంకొకటి. దారిలో వంతెన ఆ బరువు మోయదు, కాబట్టి దాన్ని వదిలేశాం. మిగిలింది ఇనుము. స్తంభాలు, దూలాలు తయారై ఓడలో వస్తాయి. మనం పునాదులు వేసి ఉంచితే, వాళ్ల మనుషులొచ్చి క్రేనుతో లేపి బోల్టులు బిగిస్తారు.”

“ఓడ రావడానికే నాలుగు నెలలు,” అన్నాడు మేనేజరు. “పలకలు మనవే, మనుషులూ మనవాళ్లే. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం తిరగడమెందుకు? మేస్త్రీ, పన్నెండు మీటర్ల స్తంభాలు అరవై నాలుగు. వానలకు ముందు, ఏడు నెలల్లో, కప్పుతో సహా. అవుతుందిగా?”

జవాబు వినకముందే కలం మూత తీశాడు.

మాట మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. ఎనిమిదేళ్ల కిందట, ఇంకో దేశంలో, తొమ్మిది మీటర్ల గోడ దగ్గర ఇంకో మేనేజరు ఇలాగే అడిగాడు. అవుతుంది సార్ అన్నాడు. కింద పోసింది గట్టిపడకముందే పైన పోశారు. మధ్యాహ్నం అడుగు పలకలు పగిలి, కాంక్రీటు వరదలా బయటికొచ్చింది. అందరూ పాటగాడని పిలిచే వడ్రంగి ఆ సమయంలో కింద, పలకలకు దన్నుగా పెట్టిన జాకీ బిగిస్తూ, అందులోనే కూరుకుపోయి చనిపోయాడు. ఎప్పుడూ ఏదో ఒక కూనిరాగం తీస్తూ పనిచేసే మనిషి. తప్పు జాకీదని అందరూ అన్నారు, కాగితాల్లోనూ అదే రాశారు. మేస్త్రిని ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరైనా అడుగుతారేమోనని అతను రెండేళ్లు ఎదురుచూశాడు.

“కాదు సార్,” అన్నాడు.

కలం ఆగింది.

“ఏమిటీ?”

“పన్నెండు మీటర్లు ఒక్క ఊపులో పోయకూడదు. మూడుసార్లుగా పోయాలి. ప్రతిసారీ విప్పి, పైకెక్కించి, మళ్లీ బిగించాలి. మధ్యాహ్నమైతే ఇక్కడి గాలికి పలక మనిషిని కూడా లాక్కుపోతుంది. అంటే రోజుకు ఒక పూట పనే. పదకొండు నెలలు పడుతుంది సార్. తొందరపెడితే ఏడులోనూ అవుతుంది. కానీ...”

“కానీ?”

“కింద ఎవరో ఒకరు ఉంటారు సార్.”

మేనేజరు కలానికి మూత పెట్టేశాడు.

“నాకూ పదకొండే వచ్చింది,” అని మేనేజరుతో మెల్లగా చెప్పి, ఇంజనీరమ్మ మేస్త్రి వైపు తిరిగింది. “మీరైతే ఏం చేస్తారు?”

“ఇనుమేనమ్మా. ఓడ వచ్చేలోపు మేం పునాదులు పోసేస్తాం. అవి గట్టిపడుతుంటాయి, ఆ నాలుగు నెలలూ ఊరికే పోవు.”

“పునాదులకు ఎంతమంది కావాలి?”

“పన్నెండు మంది.”

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. “కూర్చున్న కొమ్మనే నరుక్కుంటున్నావు, తెలుస్తోందా?”

“తెలుస్తోంది సార్.”

అతను పలకల దగ్గరికి చేరేలోపే మాట అక్కడికి చేరిపోయింది. ఎవరూ తల ఎత్తలేదు. బావమరిది సుత్తి కింద పడేసి ఎదురొచ్చాడు.

“ముప్ఫై ఏళ్లు ఊళ్లో వాళ్లందరికీ అవుతుందన్నావు. మా కూటి దగ్గరికొచ్చేసరికి కాదనిపించిందా బావా?”

మేస్త్రి బ్రష్ అందుకున్నాడు. మళ్లీ దించేశాడు.

“పాటగాడు నా మాట నమ్మే కింద నిలబడ్డాడురా.”

ఆ పేరు వాళ్లిద్దరి మధ్య రావడం ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి. ఆ రోజు కాంక్రీటును చేతులతో తోడినవాళ్లలో బావమరిదీ ఉన్నాడు. వెళ్లి సుత్తి తీసుకున్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఒకే మేకును కొడుతూ కూర్చున్నాడు.

అన్నాల వేళ మేస్త్రి తన భార్యకు ఫోన్ చేశాడు.

“వంటింటి తూము మళ్లీ పూడిపోయిందండీ. ఎవర్ని పిలిచినా ఇదిగో అదిగో అంటున్నారు.”

“నేనొచ్చి చూస్తాలే.”

“ఎప్పుడూ? ఇంకో రెండేళ్లన్నారుగా.”

“ముందే వస్తానేమో.”

“వచ్చి ఏం చేస్తారు? మీకు ఊరికే కూర్చోవడం చేతకాదే,” అంది. అది భయమో సంతోషమో అతనికి తెలియలేదు. పాతికేళ్లుగా ఆ గొంతును ఎక్కువగా ఫోన్లోనే విన్నాడు.

“తూము బాగుచేస్తా.”

“అది ఒక్కరోజు పని.”

“నాకు మెల్లగా చేయడం కూడా వచ్చులే.”

ఆమె నవ్వింది. అతనికి మటుకు అన్నం సగమే దిగింది.

పని ముగిసే వేళకు మేనేజరు స్వయంగా వచ్చాడు. పైవాళ్లు ఇనుమే ఖాయం చేశారనీ, ఉండే పన్నెండు మంది పేర్లు కావాలనీ చెప్పాడు. మేస్త్రి దొంతి మీద కాగితం పెట్టి, తెగిన వేలున్న చేత్తో దాన్ని అదిమిపట్టి, ఒక్కో పేరూ రాశాడు. మొదటి పేరు బావమరిదిది. మేనేజరు పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు.

“నీ పేరేది?”

“గుంటల్లోకి దిగి ఎక్కాలి సార్. మోకాలు రానంటోంది. మావాడికి పని వచ్చు.”

అందులో త్యాగమేమీ లేదని అతనికి తెలుసు. రాస్తుండగా పన్నెండో పేరు దగ్గర చెయ్యి తనంతట తానే ఆగిపోయింది. తన పేరు రాయమని అతను దాన్ని బతిమాలలేదు, అంతే.

పొద్దు గూకకముందు, చెత్తలో వేసిన చెక్క ముక్కలు నాలుగు ఏరి, రంపంతో కోసి, కుళాయి దగ్గర ఒక చిన్న పీట చేశాడు. కూర్చుని కాళ్లు కడుక్కోవడానికి. వంగితే లేవలేక పోతున్నాడు మరి. మూలలు చేత్తో తడిమి చూసి, గరుకు తగిలిన చోట మళ్లీ చిత్రిక పట్టాడు.

దాని మీద అతను కూర్చున్నది ఎనిమిది రోజులే. తొమ్మిదో నాటి ఉదయం ఇరవై ఎనిమిది మందితో బస్సు విమానాశ్రయానికి బయలుదేరింది. పెట్టె బస్సు మీదికి ఎక్కించింది బావమరిదే. “అక్కకి చెప్పు, నేను బాగానే ఉన్నానని,” అన్నాడు. “మోకాలు జాగ్రత్త బావా,” అని కూడా అన్నాడు గానీ, అప్పటికే బస్సు కదిలింది.

ఓడ అనుకున్న నెలకే వచ్చింది. వానలకు పదహారు రోజుల ముందు కప్పు పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోతే ఎవరూ రాసుకోరు కాబట్టి, ఆ సంగతి ఎక్కడా రాసి లేదు.

క్రేను మనుషులు సాయంత్రం కుళాయి దగ్గరికొచ్చి, ఒకరి తర్వాత ఒకరు ఆ పీట మీద కూర్చుని కాళ్లు కడుక్కుంటారు. అది ఎవరు చేశారని అడిగినవాడు లేడు. నీళ్లలో నానీ నానీ రంగు మారింది గానీ, నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆని, ఎవరు కూర్చున్నా కదలకుండా ఉంది.