అంచు అరిగిన డబ్బు

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారి నరసింహమూర్తికి రెండే బలహీనతలు. ఒకటి పాత నాణేలు. రెండోది, ఏ పని చేసినా అవసరానికి మించి ఒక మెట్టు ఎక్కువ చెయ్యడం. మొదటిదాని వల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. రెండోదే మొన్న దీపావళికి ఆయన కొంప ముంచింది.

నాణెం చూడడం ఆయనకి నేర్పినవాడు ఏలూరు రసూల్. ఉన్ని తివాచీలు నేసే ఇంట పుట్టి, నలభై ఏళ్లు మగ్గం ముందు కూర్చున్న మనిషి. ముప్ఫై ఏళ్లుగా నెలకో ఆదివారం ఈయన ఇటునుంచీ, ఆయన అటునుంచీ పాసింజరెక్కి సగం దారిలో భీమడోలులో దిగుతారు. ప్లాట్‌ఫాం చివర బెంచీ మీద, చేపల బుట్టల పక్కన కూర్చుని నాణేలు చూసుకుంటారు. మూర్తి పుస్తకాలు చదివి చెప్పేవాడు. రసూల్ ఏ పుస్తకమూ చదవకుండా ఒక్క చూపు చూసి, "ఇది పోత పోసిన నకిలీదండీ, అచ్చు కొట్టింది కాదు," అనేవాడు. ఆ మాట ఒక్కసారీ తప్పలేదు. అంత మనిషిని చూస్తే మూర్తికి అసూయ కలగాలి గాని, ముచ్చటే కలిగేది.

ఇద్దరి దగ్గరా చెరో రాగి డబ్బు ఉంది. డబ్బు అంటే కంపెనీ కాలం నాటి మందపాటి రాగి నాణెం. ఆ పేరు అసలు దానిదే, తరవాత వచ్చిన రూపాయలూ నోట్లూ దాన్ని తగిలించుకు తిరుగుతున్నాయంతే. నాలుగేళ్ల కిందట రసూల్ కూతురు హుమా రెండింటినీ గ్రేడింగుకి, అంటే నాణ్యత తేల్చి చెప్పేవాళ్ల దగ్గరికి పంపించింది. తిరిగొచ్చేటప్పటికి అవి గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో సీలై ఉన్నాయి. లోపల చీటీ మీద నాణెం వివరం, దాని గ్రేడు. డబ్బా పగిలిందంటే ఆ గ్రేడుకి కాలం చెల్లినట్టే. మూర్తి డబ్బుకి మంచి గ్రేడు వచ్చింది. రసూల్‌ది వాళ్ల దాదీ, అంటే నానమ్మ నాటిది. దానికి ఒకవైపు అంచు అరిగిపోయి ఉండడంతో గ్రేడు తగ్గించారు.

"ఆ అంచొక్కటీ బాగుంటేనా రసూల్ గారూ!" అని మూర్తి నొచ్చుకుంటే, రసూల్ నవ్వి ఊరుకున్నాడు.

దీపావళికి కొట్లో లక్ష్మీపూజ. పూజలో ఒంటి డబ్బు ఎందుకు, జత ఉంటే బాగుంటుంది కదా అని మూర్తికి తోచింది. అడిగితే రసూల్ మారుమాట లేకుండా తనది తీసిచ్చాడు. "అంతకంటేనా అండీ. పట్టుకెళ్లండి," అన్నాడు.

అక్కడితో ఆగితే ఆయన నరసింహమూర్తి ఎందుకవుతాడు? పూజ రోజు సాయంత్రం పంచామృతాలు సిద్ధం చేస్తుంటే, ప్లాస్టిక్ డబ్బా మీద పాలు పొయ్యడం ఏమిటని మనసు పీకింది. సుత్తి తెచ్చి రెండు డబ్బాలూ పగలగొట్టాడు. నాణేలకి వేలిముద్ర తగలకుండా మెత్తటి గుడ్డతో తీసి, తమలపాకుల మీద పెట్టి, పువ్వుల కోసం వీధిలోకి వెళ్లాడు. వెళ్లి వచ్చింది పావుగంట.

వచ్చేసరికి భార్య అమ్మాజీ పూజ చెంబులు తోముతోంది. ఆమె పక్కన పీట మీద రసూల్ డబ్బు ఎర్రగా ధగధగ మెరుస్తోంది. మూర్తి డబ్బుని అప్పుడే చేతిలోకి తీసుకోబోతోంది.

"అమ్మాజీ! ఏం చేసేవే?"

"ఏవండీ, అలా అరుస్తారేంటి? నల్లగా మురికి పట్టుంటే పూజలో ఎలా పెడతారు? రాగిని చింతపండుతో తోమక దేంతో తోముతారండీ?"

అమ్మాజీ ఇత్తడినీ రాగినీ ఎరుగును గాని గ్రేడులు ఎరగదు. పాత రాగి మీద ముదురు గోధుమరంగు పట్టడానికి ఒక మనిషి జీవితకాలం పడుతుందనీ, అది పోతే మళ్లీ రాదనీ ఎరిగినవాడు మూర్తి. డబ్బా ఉంటే అది చింతపండు దాకా వెళ్లేదే కాదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తల పట్టుకున్నాడు. కాలు కడిగితే పోయే అడుసైనా కాదది. ఆ పూట హారతి ఇస్తుంటే దేవి మొహంలోకి చూడలేకపోయాడు.

ఆదివారం దగ్గర పడేకొద్దీ ఆయనకో ఉపాయం తట్టింది. తన డబ్బుకి తోముడు తగల్లేదు. పైగా ఎక్కువ గ్రేడున్నది. దాన్నే రసూల్‌కి ఇచ్చేస్తే? తక్కువది పుచ్చుకుని ఎక్కువది ఇవ్వడం మోసమెలా అవుతుంది? రసూల్ కళ్లలో శుక్లాలు ముదిరాయి, వచ్చే నెలలో ఆపరేషను. తేడా తెలియదు. తెలియదు గనక బాధా ఉండదు. ఇలా తనకి తానే నచ్చచెప్పుకుని రైలెక్కాడు. అయినా ఎందుకో, తోమిన డబ్బుని కూడా గుడ్డలో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

భీమడోలు బెంచీ మీద రసూల్ అప్పటికే కూర్చుని ఉన్నాడు.

"పూజ బాగా జరిగిందా అండీ మూర్తిగారూ?"

"ఆయ్, దివ్యంగా జరిగిందండీ. డబ్బా మాత్రం పగిలిందండీ," అని మూర్తి తన డబ్బు తీసి ఆయన అరచేతిలో పెట్టాడు.

"పోన్లెండి. డబ్బాదేముంది," అన్నాడు రసూల్. చూడడానికి ప్రయత్నించనేలేదు. బొటనవేలు నాణెం అంచు వెంట ఒక చుట్టు తిరిగింది. ఆగింది. మళ్లీ వెనక్కి తిరిగింది, చీకట్లో గుమ్మం వెతుక్కునే మనిషిలాగా.

"ఇది నాది కాదండీ," అన్నాడు మెల్లిగా.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మూర్తి చెయ్యి జేబు మీదికి పోయింది. ఇక దాచలేదు. గుడ్డతోనే తీసి ఇచ్చాడు. రసూల్ వేలు నేరుగా అరిగిన అంచు మీదికి వెళ్లి అక్కడే నిలిచింది. తరవాత నాణేన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"చింతపండా అండీ?"

"ఆయ్. అమ్మాజీ తోమేసిందండీ... కాదు. అమ్మాజీ తప్పు కాదండీ. డబ్బా దానంతటది పగల్లేదు. సుత్తెట్టి నేనే పగలగొట్టేను. పగలగొట్టకపోతే ఆవిడ తోమేదే కాదు. మీకు తెలీదులే అని నాది మీ చేతిలో పెట్టేను."

గూడ్సుబండి ఒకటి వెళ్లేదాకా రసూల్ తోమిన డబ్బుని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"బాధగానే ఉందండీ. లేదంటే అబద్ధం. రంగు తయారవడానికి ఎంత కాలం పడుతుందో తివాచీలవాడికి తెలుసండీ," అన్నాడు. "అమ్మాజీ గారిని ఏమీ అనకండి. ఆవిడ శుభ్రం చేసేరు, పాడు చెయ్యలేదు. కానీ మూర్తిగారూ, నేను కనిపెట్టలేక మీ మంచి డబ్బు ఇంటికి పట్టుకెళ్లుంటే ఏమయ్యేదండీ? బతికున్నన్నాళ్లూ బొటనవేలితో మా దాదీని వెతుక్కునేవాణ్ని. దొరికేది కాదు."

మూర్తికి అర్థం కాలేదు. రసూల్ ఆయన చెయ్యి పట్టుకుని, తోమిన డబ్బుని అందులో పెట్టాడు.

"ఆవిడ తివాచీ ముడులు వేసేక పోగుల్ని దీంతోనే నొక్కేదండీ. పెళ్లయి వచ్చిన దగ్గర్నించీ పోయేదాకా, ఈ ఒక్క అంచుతోనే. నొక్కి చూడండి."

ముప్ఫై ఏళ్లుగా ఆ నాణేన్ని రసూల్ చేతిలో ఉండగా భూతద్దంలోంచీ, ఆ తరవాత ప్లాస్టిక్‌లోంచీ చూశాడే గాని, మూర్తి దాన్ని ఒట్టి చేత్తో పట్టుకోలేదు. ఇప్పుడు అంచు మీద బొటనవేలు ఆనించాడు. గ్రేడు తగ్గించిన చోటు అది. రాగి అరిగిపోయి నున్నగా, కొద్దిగా లోపలికి ఉంది. తనెన్నడూ చూడని ఒక ఆడమనిషి బతుకంతా పనిచేసిన చోటులో ఆయన వేలు సరిగ్గా ఇమిడిపోయింది.

"తగిలిందా అండీ?" అన్నాడు రసూల్.

"తగిలిందండీ," అన్నాడు నరసింహమూర్తి. పాసింజరు వచ్చి ఆగినా వేలు తియ్యలేదు.