ఇనే కొలువు

సొలొమోనుకు గా ముచ్చట ఎంత ఇన్నా దిమాకుకు ఎక్కుతలేదు. నారాయణఖేడ్ నుంచి కల్హేర్ దాంక ఆటో నడుపుకునేటోనికి యూనివర్సిటీల సంగతి ఏమెరుక? బిడ్డ లిదియా హైద్రాబాద్‌ల హాస్టల్ల ఉండి ఎమ్మే చదువుతుంది. నడిమిట్ల ఇంటికొచ్చి కూసుంది. ఏందే అంటే, ఏయే దేశాల యూనివర్సిటీలు పిల్లల మంచిచెడ్డలు ఎట్ల అరుసుకుంటయో పోల్చి రాయాలె అన్నది.

"ఆస్ట్రేలియాల ఒక కాడ, మనసు బాగలేకుంటే చెప్పుకునేటందుకు మేడమ్ ఉంటది నాయినా. జర్మనీల ఒక కాడ పరీక్షల రంధి కూడ చెప్పుకోవచ్చు. ఏం చెప్పినా గా అర్ర దాటదు."

"నలుగురికి చెప్పకుంటే రంధి ఎట్ల తక్కువైతది?" సొలొమోను పరేషానయిండు. "మరి మీ దగ్గర?"

లిదియా తలకాయ దించుకున్నది. "అర్ర ఉన్నది, ఎప్పుడూ తాళమే. నాకు క్లాసుల ఒక్క ముక్క సమజైతలేదు నాయినా. ఏడుపొస్తుంది. సోమారం పోబుద్ధైతలేదు."

అయ్యో దేవుడా, కన్నతండ్రి ఇగ ఊకుంటడా? బర్రెకు జరమొచ్చినా ప్రార్థన కూడికల లేచి చెప్పుకునే మనిషాయె. గా పొద్దుమీకి ప్రార్థనల లేచి నిలవడ్డడు. "మా లిదియాకు చదువు ఎక్కుతలేదట, ఏడుస్తుందట. అందరు ప్రార్థన చేయుండ్రి!" వాడకట్టంత ఆమె పేరు వట్టి గట్టిగ మొరవెట్టుకున్నది. ఎనక కూసున్న లిదియా మొఖం మీదికి చున్నీ గుంజుకున్నది.

తెల్లారి ఒకామె గుడ్లు తెచ్చింది. పక్కింటి తోమా బీఎడ్ చెయ్యమన్నడు. ఇంకొకామె ఏకంగ పెండ్లికి పిలగాన్నే చూసొచ్చింది. లిదియా తలుపు గడెవెట్టుకున్నది.

"నేను పోను. నీకు చెప్పుడే నా తప్పు!"

"గంతమంది ఏడ్చిన్రు గదనే, ఇంకేం చెయ్యాలె?"

"గా మేడమ్ ఏం చేస్తదో ఎరికేనా? ఏం చెయ్యది. ఇంటది, గంతే."

ఇనుడు కూడ ఒక కొలువేనా? సొలొమోనుకు ఇంకింత గందరగోళమయింది.

ఆదివారం చర్చిల అయ్యగారు అడిగిండు: "సొలొమోనూ, బిడ్డ ఎట్లున్నది?" అందరు ఇటు మల్లిన్రు. అలవాటుకు లేచిండు, నోరు తెరిచిండు. ఆడోళ్ల దిక్కు మల్ల చున్నీ గుంజుకుంటున్న లిదియా కనవడ్డది.

"చెప్పేటిది ఏం లేదు అయ్యగారూ," అని కూసున్నడు.

సోమారం పొద్దుగాల్ల లిదియానే సంచి తెచ్చి ఆటోల వెట్టింది. డిపో దాంక ఏడ్సుకుంట చెప్తనే ఉన్నది. సగం ముచ్చట సొలొమోనుకు సమజ్ కాలే. మాట చెప్పబోయి రెండుమూడు సార్లు పండ్లు కరుసుకున్నడు.

బస్సు కదిలినంక లిదియా కిటికీల నుంచి వంగింది. "ఇంక చెప్పేది ఉన్నది నాయినా, రాత్రి ఫోన్ జేస్త!"

డిపో ముంగట చాయ తాగుతున్న తోమా ఉరుక్కుంట వచ్చిండు. "ఏమన్నదిరా బిడ్డ?"

"ఎవలు?" అన్నడు సొలొమోను ఏమెరుగనట్టు, ఆటో చాలు చేసుకుంట.